ఏడుకు ఆరు: హాలీ సిక్కా, కల్దారు రూపాయిల మారకం కథ

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

మారకపు రేటు అనగానే మనకి డాలరు గుర్తొస్తుంది, అమెరికాలో ఉన్న పిల్లలు గుర్తొస్తారు. కానీ 1950ల దాకా తెలుగువాళ్ల మధ్యే ఒక మారకపు రేటు ఉండేది. బెజవాడలో ఒక రూపాయి, ఖమ్మంలో ఇంకో రూపాయి. రెండూ వెండివే, రెంటికీ పదహారు అణాలే, అణాకి పన్నెండు పైలే. కానీ రెండూ ఒకటి కావు. బ్రిటిష్ వాళ్ల రూపాయిని హైదరాబాదు వాళ్లు కల్దారు అనేవాళ్లు. నిజాం రూపాయి హాలీ సిక్కా, ఏడో నిజాం కాలం నుంచి ఉస్మానియా సిక్కా. ఆఫీసు లెక్కల్లో అయితే బీజీ, ఓఎస్ అని రాసేవాళ్లు. బీజీ అంటే బ్రిటిష్ గవర్నమెంటు, ఓఎస్ అంటే ఉస్మానియా సిక్కా. రేటు ఏడుకు ఆరు: ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు.

ఇదిగో, ఈ బల్ల మీద రెండు నాణేలున్నాయి, అయ్యాక దగ్గరికొచ్చి చూడండి. ఒకదాని మీద జార్జి రాజు బొమ్మ. రెండోదాని మీద చార్మినార్, ఆ చార్మినార్ ద్వారంలోకి జాగ్రత్తగా చూస్తే చిన్న ఉర్దూ అక్షరం కనబడుతుంది. 'ఐన్' అనే అక్షరం, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటిది. అంతకుముందు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అదే ద్వారంలో 'మీమ్' ఉండేది. నాణేన్ని చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. తూకం వేస్తే తెలుస్తుంది. కల్దారు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం, అందుకే మన ఊళ్లలో బంగారం తూచడానికి రూపాయి బిళ్లని తూకపురాయిగా వాడేవాళ్లు. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు. అర గ్రాము తక్కువ, అంతే.

అసలు తేడా లోపల ఉంది. కల్దారులో నూటికి దాదాపు 91.7 పాళ్లు వెండి, హాలీలో 81.8 పాళ్లు. గుణిస్తే కల్దారులో ఉన్న అసలు వెండి 10.69 గ్రాములు, హాలీలో 9.14. ఇప్పుడు ఒకదాన్ని రెండోదానితో భాగించండి, 1.169 వస్తుంది. అంటే వంద కల్దార్లలో ఉన్న వెండి కావాలంటే దాదాపు 117 హాలీ రూపాయలు కరిగించాలి. సర్కారు రేటు ఎంత? వంద కల్దార్లకి 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఏడుకు ఆరుని వందకి లెక్కగడితే పైతో సహా అదే వస్తుంది. వెండి లెక్క, సర్కారు లెక్క దాదాపు ఒకే చోటికి వచ్చాయి. దీన్ని చూసి చాలామంది, ఓహో, వెండిని బట్టి రేటు పెట్టారన్నమాట, కథ అయిపోయింది అనుకుంటారు. కథ అక్కడ అయిపోదు. ఆ రేటుని దాదాపు యాభై ఏళ్లు నిలబెట్టింది వెండి కాదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో హైదరాబాదు రాజ్యంలో ఒక్క రూపాయి లేదు, డజన్ల రూపాయలున్నాయి. హైదరాబాదులో సుల్తాన్ షాహీ దగ్గర 1803లో మూడో నిజాం సికందర్ జా పెట్టించిన టంకసాల ఒకటి, ఔరంగాబాదులో ఇంకోటి, ఇవిగాక గద్వాల, నారాయణపేట లాంటి సంస్థానాలవాళ్లు ముద్రించుకున్నవి, ఔరంగాబాదు వైపు నుంచి వచ్చే గోవింద్ బక్షీ రూపాయలు... ఒక్కోదాంట్లో వెండి ఒక్కో పాళ్లు. నారాయణపేట రూపాయి తీసుకుని హైదరాబాదు బజారుకి పోతే పప్పులు ఉప్పులు కొనే ముందు షరాబు, అంటే నాణేలు మార్చే వ్యాపారి, దగ్గరికి పోవాలి. షరాబు నాణేన్ని రాతి మీద మోగించి చూస్తాడు, అంచులు చూస్తాడు, గీటు పెడతాడు, వట్టం, అంటే మారకానికి తన కోత, కోసుకుని ఊళ్లో చెల్లే రూపాయలిస్తాడు. ఆ వట్టం ఎంతన్నది ఆ రోజు ఆయన నోటి మాట. శిస్తు కట్టాల్సిన రైతు ఏ నాణెంతో కట్టాలో తాసీల్దారు చెప్తాడు, ఆ నాణెం దొరికే చోటు షరాబు కొట్టే. రైతు రెండు చోట్లా నష్టపోయేవాడు. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మారకపు రేటు చరిత్ర రాసేవాళ్లు నిజాములు, వాళ్ల దర్బారులో ఉండే బ్రిటిష్ ప్రతినిధులైన రెసిడెంట్ల దగ్గరే ఆగిపోతారు, వట్టం కట్టింది మాత్రం ఎప్పుడూ సంతకి వచ్చిన మనిషే.

కోస్తాలో మాత్రం అంతకుముందు బాగుందా అంటే, అక్కడా వరహాలు, ఫణాలు, ఆర్కాటు రూపాయలు, వరహాకి మూడున్నర రూపాయలు, ఇదంతా ఉండేది. 1835 చట్టంతో కంపెనీ ఒకే బరువు, ఒకే పాళ్ల రూపాయి పెట్టింది, ఆ గందరగోళం తగ్గింది. హైదరాబాదులో ఆ పని మొదటి సాలార్ జంగ్ చేశాడు. దివాను అయ్యాక చిల్లర టంకసాలల్ని ఒక్కొక్కటిగా మూయించి హాలీ సిక్కా ఒక్కటే రాజ్యమంతా నడిచేట్టు చూశాడు. 1857 తిరుగుబాటు దాకా ఆ నాణేల మీద ఢిల్లీ మొగలు పాదుషా పేరే ఉండేది. పాదుషాని రంగూను పంపేశాక అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంలో నిజాం వంశ మూలపురుషుడు అసఫ్ జా పేరు పడింది. బ్రిటిష్ రాణి పేరు మాత్రం ఎన్నడూ పడలేదు. ఆ నాణెం నిజాములకి ఎంత ప్రతిష్ఠో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక 1893. ఆ ఏడు జరిగింది అర్థం కాకపోతే తర్వాతదేదీ అర్థం కాదు, అందుకని కొంచెం ఓపికగా వినండి. 1870ల నుంచి ప్రపంచమంతా వెండి ధర పడుతూ వచ్చింది. జర్మనీ బంగారానికి మారి తన వెండిని అమ్మేసింది, అమెరికాలో నెవాడా గనుల నుంచి కొత్త వెండి వరదలా వచ్చింది. అంతకుముందు రూపాయికి రెండు షిల్లింగులు వచ్చేవి, అది తగ్గుతూ తగ్గుతూ షిల్లింగు మూడు పెన్నీల దగ్గరికి వచ్చింది. బ్రిటిష్ ఇండియా సర్కారు ఏటా లండనుకి పౌన్లలో కట్టాల్సిన డబ్బుంది, రూపాయి పడిపోతే ఆ భారం పెరుగుతుంది. అందుకని 1893 జూన్‌లో, ఎవరు వెండి తెచ్చిస్తే వాళ్లకి రూపాయలు కొట్టిచ్చే పద్ధతిని ఆపేశారు. కొత్త రూపాయలు కొరతయ్యాయి, విలువ లేచింది, కొన్నేళ్లకి షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గర, అంటే పౌనుకి పదిహేను రూపాయల దగ్గర నిలబెట్టారు. అంటే ఆ రోజు నుంచి కల్దారు విలువ దానిలో ఉన్న వెండి విలువ కాదు, వెండి కంటే బాగా ఎక్కువ. చూడటానికి వెండి బిళ్లే, నడవడం మాత్రం నోటులాగా నడిచింది.

పాపం హాలీ సిక్కా ఏమైంది? కల్దారు వెండితో తెగతెంపులు చేసుకుని పైకి పోతే, హాలీ అటు వెండికీ ఇటు కల్దారుకీ మధ్య ఊగిసలాడింది. పంట చేతికొచ్చే రోజుల్లో పత్తి, నూనెగింజలు కొనడానికి బొంబాయి వ్యాపారులకి హాలీ కావాలి, అప్పుడు లేస్తుంది. పంటలు అయిపోయాక పడుతుంది. వరంగల్ నుంచి బొంబాయికి సరుకు పంపే వ్యాపారికి సరుకులో వచ్చే లాభం కంటే రేటు మీద వచ్చే నష్టం ఎక్కువైతే వ్యాపారం ఎలా చేస్తాడు?

దీన్ని సరిచేసింది 1903-04 ప్రాంతంలో. బ్రిటిష్ ఇండియా సర్వీసు నుంచి ఆర్థిక మంత్రిగా వచ్చిన కేసన్ వాకర్ హయాం అది. 1903 జూలైలో టంకసాల సైఫాబాదుకి మారింది, ఇప్పుడు మింట్ కాంపౌండ్ అంటామే, అదే. యంత్రాల మీద అచ్చయిన చార్మినార్ రూపాయి వచ్చింది. పాత చేతి నాణెం అంచు కొంచెం గీకి వెండి దొంగిలించడానికి వీలుండేది, దీనికి ఆ వీలు లేదు. అంతకంటే ముఖ్యం ఏమిటంటే, ఎన్ని రూపాయలు కొట్టాలన్నది ఇక సర్కారు చేతిలో. హాలీ పడిపోతుంటే ఖజానా కల్దార్లు ఇచ్చి హాలీని లోపలికి లాక్కుంటుంది, లేస్తుంటే హాలీని బయటికి వదులుతుంది. బజారుకి నమ్మకం కుదిరాక రేటు 116-10-8 చుట్టూ నిలబడింది.

ఇక్కడే నేను అన్న సంగతి. ఖజానా అలా కల్దార్లు ఇవ్వాలంటే ఖజానాలో కల్దార్లుండాలి. అందుకోసం నిజాం సర్కారు ఒక నిధి పెట్టుకుంది, తర్వాత అక్బర్ హైదరీ ఆర్థిక శాఖ చూసిన కాలంలో దాన్ని పద్ధతిగా పెంచారు: కాగితం నోట్ల వెనక ఒక రిజర్వు, ఉస్మానియా సిక్కా రేటు నిలపడానికి ఒక రిజర్వు. ఆ రిజర్వుల్లో పెద్ద భాగం ఏమిటి? భారత ప్రభుత్వ బాండ్లు, అంటే బ్రిటిష్ ఇండియా కాగితాలు. తన పేరు, తన చార్మినార్, తన టంకసాల అని అంత గర్వపడిన నాణెం నిలబడింది ఎదుటివాడి కాగితం మీద. దీన్ని తప్పు అని నేను అనడం లేదు, చిన్న దేశం పెద్ద దేశం పక్కన సొంత డబ్బు నడపాలంటే వేరే దారి లేదు, ఇవాళ నేపాల్ రూపాయి మన రూపాయికి 1.6 చొప్పున కట్టుబడి ఉన్నదీ ఇలాగే. కాకపోతే ఆ రెండు సర్కార్లూ స్నేహంగా ఉన్నంత వరకే అది నడుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కథ తిరగబడింది. వెండి ధర ఎంత లేచిందంటే రూపాయిని ఖర్చు పెట్టడం కంటే కరిగించడం లాభం అయ్యింది. 1918లో అమెరికా తన ఖజానాలోంచి ఇరవై కోట్ల ఔన్సుల వెండిని ఇండియా కోసం బ్రిటన్‌కి అమ్మాల్సి వచ్చింది. అదే ఏడు హైదరాబాదు కాగితపు నోట్ల చట్టం చేసింది, పది, వంద రూపాయల నోట్లు ముందొచ్చాయి, ఒకటి, అయిదు తర్వాత. మొదట్లో లండన్లో అచ్చువేయించేవాళ్లు. ఆ నోటు మీద ఉర్దూతో పాటు తెలుగులో, మరాఠీలో, కన్నడంలో విలువ రాసి ఉండేది. బడిలో తెలుగు లేదు, కచేరీలో తెలుగు లేదు, సభలో తెలుగులో మాట్లాడితే గేలి చేసిన రోజులవి. అట్లాంటి రాజ్యంలో సర్కారు నోటు మీద తెలుగక్షరాలు. ఎందుకంటే సంతలో ఆ నోటు తీసుకునే మనిషి తెలుగువాడు, అతను నమ్మకపోతే నోటు నడవదు. నాకు ఆ నోటు చూసినప్పుడల్లా మనసు ఎలాగో అవుతుంది.

సరిహద్దు ఊళ్లు ఒకసారి ఊహించుకోండి. మునగాల పరగణా ఉంది, చుట్టూ నిజాం నల్లగొండ, మధ్యలో బ్రిటిష్ కృష్ణా జిల్లా ముక్క. అటు నందిగామ దగ్గర పరిటాల, చుట్టూ బ్రిటిష్ ఇండియా, మధ్యలో నిజాం ముక్క. 1947లో స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటించుకున్న పరిటాల అదే. ఇట్లాంటి ఊళ్లలో కూతురిని ఇచ్చిన ఊరు కల్దారు ఊరు, పొలం ఉన్నది హాలీ ఊరు. నాలుగణాల హాలీ కూలి తీసుకున్న మనిషి గట్టు దాటి వస్తే అది మూడణాల అయిదు పైలు. సరిగ్గా లెక్కిస్తే ఆ పైన ఇంకా చిన్న ముక్క మిగులుతుంది, ఆ ముక్క ఎవరికి పోతుంది? కొట్టువాడికే. వంద రూపాయలు మార్చేవాడికి 116-10-8 అని పైతో సహా లెక్క ఉంది, నాలుగణాలు మార్చేవాడికి ఆ లెక్క ఎవరు కట్టిస్తారు?

పెద్దవాళ్ల లెక్కలూ ఇలాగే ఉండేవి, తేడా ఏమిటంటే వాళ్లకి గుమాస్తాలుండేవాళ్లు. 1902లో నిజాం రాజ్యంలోని బేరారు ప్రాంతాన్ని, ఇప్పటి విదర్భ వైపుది, బ్రిటిష్ వాళ్లు శాశ్వతంగా కౌలుకి తీసుకుని ఏటా నిజాంకి 25 లక్షల కల్దార్లు ఇస్తామన్నారు. ఏడుకు ఆరు చొప్పున హాలీలో 29,16,666 రూపాయల 10 అణాల 8 పైలు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న, ఇందాక టీ తాగేటప్పుడు ఒకరు అడిగారు కూడా: మన నూటపదహార్లు ఇక్కడ నుంచే వచ్చాయట కదా, నిజాం దర్బారులో కవికి వంద కల్దార్లకి సమానంగా 116 హాలీ రూపాయలు ఇచ్చేవారట కదా అని. ఈ కథ వాట్సాపులో బాగా తిరుగుతోంది. నేను నమ్మను, ఎందుకో చెప్తాను. నిజంగా మారకం నుంచే వస్తే, వెయ్యి కల్దార్లకి 1,166 కావాలి. మనం ఇచ్చేది వెయ్యినూటపదహార్లు. అంటే ఇది వెయ్యికి నూటపదహారు కలిపిన శుభసంఖ్య, రేటు కట్టిన లెక్క కాదు. రెండోది, 116 దగ్గర రేటు స్థిరపడిందే 1903-04 తర్వాత, అంతకుముందు ఊగుతూనే ఉంది. మూడోది, కల్దారు తప్ప హాలీ ముఖం చూడని విశాఖపట్నం, నెల్లూరు పెళ్లిళ్లలోనూ నూటపదహార్లే చదివించారు. కథ అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ అంకెలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

వెండి ఈ రేటుని నిలబెట్టలేదు అన్నాను కదా, దానికి గట్టి రుజువు 1940లో దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండిని నూటికి యాభై పాళ్లకి దించేశారు. కొత్త కల్దారులో వెండి 5.83 గ్రాములే. జనం చేతిలో ఉన్న పాత చార్మినార్ రూపాయిలో 9.14. వెండిని బట్టే రేటు అయితే ఆ రోజు నుంచి ఒక హాలీకి ఒకటిన్నర కల్దారు రావాలి. వచ్చిందా? రాలేదు. ఏడుకు ఆరే నడిచింది. తెలిసినవాళ్లు పాత వెండి రూపాయలు, అవి ఏ సర్కారువైనా సరే, పెట్టెల్లో దాచేసి కొత్తవీ నోట్లూ ఖర్చుపెట్టారు. 1942లో గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పని మొదలుపెట్టాక రేటు బాధ్యత బ్యాంకు చూసుకుంది. మనకి తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా తెలిసి, 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది ఆ బ్యాంకే.

ఇక 1947. ఆగస్టు 15 తర్వాత హైదరాబాదు ఇటు చేరలేదు, నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం, అంటే ఉన్న సంబంధాలు ఉన్నట్టే సాగుతాయన్న ఒప్పందం, చేసుకుంది. ఆ సంతకాల తడి ఆరకముందే నిజాం ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి, బంగారం వెండి లాంటివి ఇండియాకి తీసుకుపోకూడదు. రెండు, భారతీయ కరెన్సీ హైదరాబాదు రాజ్యంలో చెల్లదు. దాంతో పాటు భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో ఇరవై కోట్ల రూపాయలు పాకిస్తానుకి అప్పుగా ఇచ్చారు. ఢిల్లీ ఇది ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అంది. రాజకీయంగా ఎవరు ఏమన్నా, డబ్బు లెక్క తెలిసినవాళ్లకి ఇది ఎంత దుస్సాహసమో కనబడుతుంది. మీ నాణేన్ని నిలబెట్టేది ఆ దేశపు కాగితాలు, మీ పత్తి కొనేది ఆ దేశపు వ్యాపారి, మీ ఉప్పు వచ్చేది ఆ దేశపు తీరం నుంచి, ఆ దేశపు డబ్బు మా దగ్గర చెల్లదు అంటే నష్టపోయేది ఎవరు? సర్కారు వారి పంతం సరిహద్దు ఊళ్ల మనుషుల నెత్తిన పడింది. తరతరాలుగా రెండు రూపాయలూ జేబులో పెట్టుకు తిరిగినవాళ్లకి ఉన్నట్టుండి ఒకటి నేరమైపోయింది.

1948 సెప్టెంబరు 17న అది ముగిసింది. ఆశ్చర్యం ఏమిటంటే, రాజ్యం పోయినా రూపాయి వెంటనే పోలేదు. 1950లో భారత రూపాయి అధికారికంగా వచ్చింది, పక్కనే ఉస్మానియా సిక్కా అదే ఏడుకు ఆరు రేటుతో నడిచింది. 1951లో కొత్తవి ఇవ్వడం ఆపేశారు. పూర్తిగా రద్దయ్యింది 1959లో, అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయింది, నయాపైసలు వచ్చి రెండేళ్లయింది. జీతాలు, శిస్తులు, బాకీలు అన్నీ ఆరుతో గుణించి ఏడుతో భాగించి మార్చుకున్నారు. అంత మెల్లగా మార్చడం మంచి పనే అని నా అభిప్రాయం. ఒక్క రాత్రిలో రద్దు చేసి ఉంటే ఊళ్లలో ఏమయ్యేదో మనకి వేరే చెప్పక్కర్లేదు.

చివరగా ఒక పని మాట. మీ ఇళ్లలో పాత దస్తావేజులు, పట్టాలు, తాతల కాలం నాటి అప్పు కాగితాలు ఉంటే, ముఖ్యంగా తెలంగాణ వైపువి, అంకె ఒక్కటే చూసి లెక్క కట్టకండి. పక్కన సిక్కా హాలీ అనో, సిక్కా ఉస్మానియా అనో, ఓఎస్ అనో ఉందా, లేక కల్దారు అనో బీజీ అనో ఉందా చూడండి. హాలీ అయితే ఆరుతో గుణించి ఏడుతో భాగించాలి. సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటుంది, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరు నుంచి. పాత జీతాలు, ధాన్యం ధరలు తీసుకుని అటు గుంటూరుని ఇటు కరీంనగర్‌ని పోల్చే వ్యాసాలు వస్తుంటాయి, వాటిలో చాలా వాటిల్లో ఈ మార్పు చెయ్యరు. కరీంనగర్ అంకె ఆరింట ఒక వంతు ఎక్కువ చూపించేసి, దాని మీద పెద్ద పెద్ద మాటలు రాసేస్తారు. పరిశోధన చేస్తున్న పిల్లలెవరైనా ఇక్కడుంటే, దయచేసి మొదటి పేజీలోనే ఏ రూపాయో రాయండి. సరే, ఇక మీరు అడగండి. ముందుగా ఆ కిటికీ దగ్గర కూర్చున్న అమ్మకి మైకు ఇవ్వండి.